ఆరాధనలో దేవుని సన్నిధి: తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిలు తరగతి అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఎవరో ఒకరు పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు: "పాటలప్పుడు అందరూ కళ్లు తుడుచుకుంటుంటారండీ. నాకేమీ తెలియడం లేదు. నాలో ఏదైనా లోపముందా?" ఏళ్లుగా ఇదే ప్రశ్న, అడిగే మనుషులే మారుతున్నారు. దాని చుట్టూ ఇంకో డజను సందేహాలు. ప్రతిసారీ చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరుసగా చదవక్కర్లేదు. సంఘాల మధ్య తేడా ఉన్నచోట ఆ తేడా చెప్పాను. నా అభిప్రాయమైతే నాదనే చెప్పాను.

## మాట దగ్గరే వచ్చే సందేహాలు

దేవుడు అంతటా ఉన్నాడంటారు కదా, మళ్లీ ఆరాధనలో ప్రత్యేకంగా ఉంటాడనడం ఏమిటి?

రెండూ బైబిలు చెప్పేవే. 139వ కీర్తన రాసినవాడు ఆకాశానికి ఎక్కినా, పాతాళంలో పడుకున్నా దేవుణ్ణి తప్పించుకోలేనంటాడు. మరోపక్క సొలొమోను మందిరం ప్రతిష్ఠించిన రోజున యాజకులు నిలబడలేనంతగా మేఘం లోపల నిండిందని 1 రాజులు 8వ అధ్యాయం చెబుతుంది. అదే అధ్యాయంలో సొలొమోనే, ఆకాశాలే నిన్ను పట్టలేవు, నేను కట్టిన ఈ ఇల్లు ఏపాటిదని ప్రార్థిస్తాడు. ఆ రెండు మాటల మధ్య ఆయనకు తగాదా ఏమీ కనబడలేదు.

నాన్న ఇంట్లో ఉన్నాడనడం వేరు, నాన్న నా ఎదురుగా కూర్చుని నాతో మాట్లాడుతున్నాడనడం వేరు. రెండు సందర్భాల్లోనూ ఆయన ఇంట్లోనే ఉన్నాడు. కూడుకున్న ప్రజలతో ఎదురెదురుగా కూర్చుంటానని దేవుడు ఇచ్చిన మాటనే క్రైస్తవులు ఆరాధనలోని సన్నిధి అంటారు.

'సన్నిధి' అని తెలుగు బైబిల్లో ఉన్నచోట మూలంలో ఏముంది?

చాలాచోట్ల హీబ్రూలో ఉన్న మాటకు అర్థం 'ముఖం'. ప్రత్యక్షగుడారంలో బల్ల మీద పెట్టిన 'సన్నిధి రొట్టెలు' మాటకు మాట చూస్తే ముఖపు రొట్టెలు. మన అనువాదకులు దగ్గరితనాన్ని చెప్పే 'సన్నిధి'ని ఎంచుకున్నారు. మాట బాగుంది, కానీ ముఖం అన్నప్పుడు వచ్చే పదును అందులో కొంచెం తగ్గింది. ఎవరి దగ్గరైనా ఊరికే ఉండొచ్చు. ముఖం మన వైపు తిరిగితే మాత్రం దాచుకోవడం కుదరదు.

దీనికి నాకు తెలిసిన మంచి చోటు నిర్గమకాండము 33వ అధ్యాయం. ఇశ్రాయేలీయులు బంగారు దూడను చేసుకుని మొక్కిన వ్యవహారం అప్పుడే ముగిసింది. మీకు ముందుగా దూతను పంపుతాను, దేశం మీకిస్తాను, నేను మాత్రం మీతో రానంటాడు దేవుడు. ఇస్తానన్నవన్నీ ఇస్తున్నాడు, తను తప్ప. మోషే ఒప్పుకోడు. "నీ సన్నిధి రానియెడల ఇక్కడనుండి మమ్మును తోడుకొని పోకుము" అంటాడు. పాలు తేనెలు ప్రవహించే దేశం కంటే ఎడారే నయమన్నమాట.

'షెకినా మహిమ' బైబిల్లో ఎక్కడుంది?

ఆ మాట బైబిల్లో లేదు. బైబిలు కాలం తర్వాత యూదు రబ్బీలు వాడుకలోకి తెచ్చిన పదం అది. నివసించడం అనే అర్థమున్న హీబ్రూ ధాతువు నుంచి వచ్చింది, గుడారానికి హీబ్రూలో వాడే 'మిష్కాన్' కూడా ఆ ధాతువుదే. ఇద్దరు కూర్చుని ధర్మశాస్త్రం గురించి మాట్లాడుకుంటే షెకినా, అంటే దేవుని సన్నిధి, వారి మధ్య ఉంటుందని రబ్బీల బోధల సంకలనమైన మిష్నా చెబుతుంది. మాట బైబిల్లో లేకపోయినా భావం ఉంది. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెను అన్నచోట గ్రీకు క్రియకు అసలు అర్థం గుడారం వేసుకోవడం.

"ఇద్దరు ముగ్గురు" కూడితేనే వస్తానన్నాడు కదా, ఒక్కణ్ణే ప్రార్థిస్తే రాడా?

వస్తాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి ప్రార్థించమన్నది కూడా యేసే (మత్తయి 6:6).

మత్తయి 18:20ని మనం ఎక్కువగా హాజరు పలచగా ఉన్న రోజున ఓదార్పుగా చదువుతాం. దాని ముందు వచనాలు చూడండి. తప్పు చేసిన సహోదరుణ్ణి ముందు ఒంటరిగా కలిసి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. ఇదీ అక్కడి విషయం. ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలన్న ద్వితీయోపదేశకాండపు నియమం ఆ మాటల వెనక ఉంది. అంటే యేసు ఈ మాట ఇచ్చింది చెడిపోయిన సంబంధాన్ని బాగుచేసుకోవడానికి ఇబ్బందిగా కూర్చున్న ఇద్దరు ముగ్గురికి. పాటలకు, ప్రార్థనకు కూడా ఆ మాట వర్తిస్తుందని సంఘం మొదటి నుంచీ నమ్మింది, అందులో తప్పులేదు. కానీ అది పుట్టిన చోటు తెలిస్తే చదివే తీరు మారుతుంది.

"మీరు దేవుని ఆలయమై యున్నారు" అంటే నా శరీరం గురించేనా?

1 కొరింథీయులకు 3:16లో కాదు. అక్కడి 'మీరు' బహువచనం. మన భాషలో 'మీరు' గౌరవానికీ వస్తుంది కాబట్టి, పౌలు గారు నన్ను మర్యాదగా పలకరిస్తున్నారన్నట్టు చదివేసుకుంటాం. ఆయన పలకరిస్తున్నది చీలికలతో కొట్టుకుంటున్న ఒక సంఘం మొత్తాన్ని. మీరంతా కలిసి ఒక్క ఆలయం, దాన్ని పాడుచేసేవాణ్ణి దేవుడు పాడుచేస్తాడని హెచ్చరిస్తున్నాడు. ఒక్కొక్కరి దేహాన్ని ఆలయమనడం అదే పత్రిక 6వ అధ్యాయంలో వస్తుంది, అక్కడి సందర్భం వ్యభిచారం.

## వెళ్లే ముందు

చర్చి భవనంలో ఉన్నంత సన్నిధి ఇంట్లో కూడుకుంటే ఉంటుందా?

తొలి విశ్వాసులకు ఇళ్లే దిక్కు. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరొపోస్ అనే పట్టణం తవ్వకాల్లో మూడో శతాబ్దపు సంఘం ఒకటి బయటపడింది. మామూలు ఇల్లు, రెండు గదుల మధ్య గోడ తీసేసి పెద్ద గది చేసుకున్నారు. ఇంకో గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టుకుని గోడల మీద బొమ్మలు వేసుకున్నారు.

సంఘాల అవగాహనలో తేడా ఉంది. కతోలికులు, ఆర్థొడాక్సులు భవనాన్ని ప్రతిష్ఠించి పవిత్రస్థలంగా చూస్తారు. చాలా ప్రొటెస్టంటు సంఘాల్లో భవనం కూడుకోవడానికి ఒక వసతి మాత్రమే. ఇద్దరూ ఒప్పుకునేది యోహాను 4వ అధ్యాయం: ఈ కొండా యెరూషలేమా అని సమరయ స్త్రీ అడిగితే, తండ్రిని ఆత్మతోను సత్యముతోను ఆరాధించే కాలం వచ్చిందన్నాడు యేసు. ఆ యెరూషలేము మందిరం క్రీ.శ. 70లో కూలిపోయింది, ఆరాధన ఆగలేదు.

ఒకరితో గొడవపడి వచ్చాను. ఆ మనసుతో ఆరాధనలో కూర్చోవచ్చా?

కొండమీది ప్రసంగంలో దీనికి సూటిగా జవాబుంది. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతుంటే, నీ సహోదరునికి నీమీద విరోధమేమైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి వెళ్లి ముందు సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు (మత్తయి 5:23-24).

ఆ మాట వింటున్నవాళ్లు గలిలయవాళ్లు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో, మూడు నాలుగు రోజుల నడక. అంత దూరం తెచ్చిన గొర్రెపిల్లను యాజకుడి ముందే వదిలేసి, మళ్లీ ఊరికి నడిచి, పొరుగువాడి తలుపు తట్టి, రాజీపడి, తిరిగి నడిచి రావాలి. విన్నవాళ్లలో కొందరికి నవ్వు వచ్చి ఉంటుందనిపిస్తుంది. ఆ లెక్కన మనకున్న అవకాశం ఫోను చేయడమే, ఆరాధన మొదలవక ముందే చేయొచ్చు.

ఒక్క జాగ్రత్త. వచనం అంటున్నది అవతలివాడికి నీమీద విరోధం ఉంటే అని. అంటే తప్పు నీవైపు ఉన్న సందర్భం. హింసకు గురైనవాళ్లను హింసించినవాడితో రాజీపడమని ఒత్తిడి చేయడానికి ఈ వచనాన్ని వాడేవాళ్లను చూశాను. అది వచనాన్ని తలకిందులు చేయడమే.

ఫోనులో లైవ్ చూస్తే ఆరాధనలో పాల్గొన్నట్టేనా?

2020లో కోవిడ్ వల్ల తలుపులు మూసుకున్నప్పుడు ప్రతి సంఘమూ ఈ ప్రశ్న ఎదుర్కొంది. దేవుడు మీ గదిలో ఉన్నాడా అంటే ఉన్నాడు, ఆయనకు నెట్‌వర్క్‌తో పనిలేదు. కానీ కూడుకోవడం జరిగిందా అంటే జవాబు వేరు. కతోలిక సంప్రదాయంలో సత్ప్రసాదం (పూజలో ఇచ్చే రొట్టె) అందుకోలేనివారు హృదయంలో దాన్ని కోరుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, అయితే అది సత్ప్రసాదానికి సమానమని వాళ్లు అనరు. యోహాను రెండో పత్రిక ముగింపులో, రాయాల్సింది చాలా ఉన్నా సిరాతో కాగితం మీద రాయడం ఇష్టంలేదు, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతానంటాడు.

మంచాన పడ్డవాళ్లకు ఆ తెర దేవుడిచ్చిన కిటికీ. కాళ్లు బాగుండి, టీ తాగుతూ పాటలు ముందుకు జరుపుకుంటూ చూసేవాళ్లకు అదే మాట నేను చెప్పలేను.

## ఆరాధన జరుగుతుండగా

గట్టిగా స్తుతిస్తే దేవుడు దిగివస్తాడా?

ఈ నమ్మకానికి అందరూ చూపేది 22వ కీర్తన 3వ వచనం, ఇశ్రాయేలు చేసే స్తోత్రాల మీద దేవుడు ఆసీనుడై ఉన్నాడన్నది. రెండు వచనాలు వెనక్కి వెళ్లండి. "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అని మొదలైన కీర్తన అది. దేవుడు కనబడక అల్లాడుతున్నవాడు ఆ మాట అంటున్నాడు. స్తోత్రం సింహాసనమైంది నిజమే, దేవుణ్ణి లాగే తాడు మాత్రం కాదు.

పాటకూ సన్నిధికీ సంబంధం లేదని కాదు. 2 దినవృత్తాంతములు 5వ అధ్యాయంలో గాయకులు, బూరలు ఊదేవాళ్లు ఒక్క స్వరమై స్తుతించినప్పుడే మేఘం నిండింది. క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా అధికారి తన చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తుకు దేవునికి పాడినట్టు పాడతారని విచారణలో తేలిందని ఉంది. బయటివాడి కళ్లకు మొదట కనబడ్డది పాటే. కానీ ఎవరి దేవుడు అగ్ని పంపుతాడో తేల్చుకుందామని కూడిన కర్మెలు కొండ మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అరిచింది బయలు ప్రవక్తలు. యెహోవా ప్రవక్త ఏలీయా ప్రార్థన రెండు వచనాలు.

కీబోర్డు సంగతీ చెప్పాలి. ప్రార్థన మొదలవగానే వెనక ఒక సన్నటి స్వరం పట్టి ఉంచుతారు, ప్రార్థన వేడెక్కేకొద్దీ అదీ పైకి లేస్తుంది. గుండె కరుగుతుంది. సంగీతం చేసే పని అదే, దానికి సిగ్గుపడక్కర్లేదు. ఆ కరగడానికి మాత్రం వెంటనే దేవుడి పేరు పెట్టకండి. ఒక ఆదివారం మా దగ్గర పాట మధ్యలో మైకు, కీబోర్డు రెండూ ఆగిపోయాయి. ఒక్క క్షణం అందరూ తడబడ్డారు. తర్వాత వెనక వరుసలో ఎవరో చరణం అందుకున్నారు, ఒక్కో గొంతూ కలిసింది. పక్కవాడి గొంతు నాకు మొదటిసారి వినబడింది ఆ రోజే. అపశ్రుతే.

అందరికీ ఏదో అనుభవం అవుతోంది, నాకేమీ అనిపించదు. నాలో లోపమా?

కాదు. సన్నిధి దేవుడు ఇచ్చిన మాట మీద ఆధారపడింది, మన ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకోవడం మీద కాదు. యాకోబు రాయి తలకింద పెట్టుకుని పడుకున్నచోట దేవుడున్నాడు, యాకోబుకు తెలియలేదు. లేచాక అన్నాడు: "నిశ్చయముగా యెహోవా ఈ స్థలమందున్నాడు, అది నాకు తెలియకపోయెను." ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు యేసుతోనే నడుస్తూ ఆయన్ని గుర్తుపట్టలేదు. రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు, అప్పుడు మాయమయ్యాడు. దారిలో మన హృదయం మండింది కదా అని ఆ తర్వాత అనుకున్నారు. మండుతున్నప్పుడు అది ఆయనే అని వాళ్లకు తట్టలేదు.

భక్తుల జీవితాలూ ఇలాగే ఉన్నాయి. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూడికకు ఇష్టంలేకుండానే వెళ్లాడు. ఎవరో రోమా పత్రికకు, ప్రొటెస్టంటు సంస్కరణ మొదలుపెట్టిన లూథరు రాసిన ముందుమాట చదువుతుంటే గుండె వింతగా వెచ్చబడిందని రాసుకున్నాడు. ఆ ఒక్క సాయంత్రం మెథడిస్టు చరిత్రలో నిలిచిపోయింది. మరోవైపు మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో అచ్చయినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది, ఎందుకంటే దశాబ్దాల పాటు తనకు దేవుని సన్నిధి ఏమాత్రం అనుభవానికి రాలేదని ఆమె తన గురువులకు రాసుకుంది. ప్రతి ఉదయం పూజకు వెళ్లడం మాత్రం మానలేదు. పదహారో శతాబ్దంలో స్పెయినుకు చెందిన సిలువ యోహాను దీనికి 'చీకటి రాత్రి' అని పేరే పెట్టాడు. ఆయన దృష్టిలో అది రోగం కాదు, దారిలో ఒక మజిలీ.

నేను చెప్పగలిగేది మూడు మాటలు. ఏడవడం నటించకండి, పక్కవాళ్లను చూసి చేతులెత్తకండి. రావడం మానకండి. ఆరాధనలోనే కాదు, తిండి, నిద్ర, పని దేనిలోనూ రుచి లేకుండా వారాలు గడుస్తుంటే అది ఆత్మీయ సమస్య కాకపోవచ్చు, డాక్టరును కలవండి.

వినికిడి పూర్తిగా పోయిన ఒక పెద్దావిడ ఎప్పుడూ మొదటి వరుసలో కూర్చునేది. పాట వినబడదు, ప్రసంగం వినబడదు. ఎందుకొస్తారమ్మా అని నేను కాగితం మీద రాసి అడిగితే, ఆ కాగితం తిప్పి ఇలా రాసింది: "ఆయన నన్ను చూస్తాడని."

వణకడం, కింద పడిపోవడం, భాషలు మాట్లాడటం ఆత్మ కార్యమేనా? లేక ఉద్రేకమా?

1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సీమోర్ నడిపిన కూడికల నుంచి ఈ అనుభవాలు లోకమంతా పాకాయి. పెంతెకొస్తు సంఘాలు వీటిని ఆత్మ కుమ్మరింపుగా చూస్తాయి. మరికొన్ని సంఘాలు ఆ వరాలు అపొస్తలుల కాలంతో ముగిశాయంటాయి. ఆ వాదం ఇక్కడ తేలదు.

పరీక్షించడానికి పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా కాపరి జొనాథన్ ఎడ్వర్డ్స్ మాట పనికొస్తుంది. తన సంఘంలోనే గొప్ప ఉజ్జీవాన్ని చూసి, దాని అతిని కూడా చూసి, 1746లో ఆయన ఒక పెద్ద పుస్తకం రాశాడు. శరీరం వణికిందంటే అది దేవుని పని అనడానికి రుజువు కాదు, దేవుని పని కాదనడానికీ రుజువు కాదు. ఏళ్లు గడిచాక ఆ మనిషి నడతలో ఏం మిగిలిందో చూడమంటాడు. పౌలు కొలత ఇంకా సూటిగా ఉంటుంది. తెలియని మనిషి ఒకడు లోపలికి వస్తే మీరు వెర్రివాళ్లనుకుంటాడా, లేక తన హృదయ రహస్యాలు బయటపడి, సాగిలపడి, దేవుడు నిజంగా మీలో ఉన్నాడంటాడా? (1 కొరింథీయులకు 14:23-25). లోపలివాళ్ల ఉత్సాహం కాకుండా, వాకిట్లో నిలబడ్డ కొత్తవాడు కొలత కావడం గమనించండి.

పాట, ప్రసంగం లేని ఆరాధన కూడా ఉంటుందా?

ఉంటుంది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో జార్జి ఫాక్స్‌తో మొదలైన క్వేకర్లు గుండ్రంగా మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా చెప్పక తప్పదనిపిస్తే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు, లేకపోతే గంటంతా మౌనమే. వాళ్లలో సంప్రదాయబద్ధంగా బాప్తిస్మపు నీళ్లు లేవు, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల లేదు. ఒక్కోసారి ఆ మౌనం అందరినీ ఒక్కటిగా పట్టుకుంటుందని వాళ్లు చెబుతారు. ఏలీయాకు గాలిలో, భూకంపంలో, అగ్నిలో కనబడని దేవుడు నిమ్మళమైన స్వరంలో పలికాడని 1 రాజులు 19లో ఉంది.

వాక్యం చదువుతున్నప్పుడు కూడా దేవుడు అక్కడున్నట్టేనా?

అవును, ఈ విషయంలో సంఘాలు ఆశ్చర్యంగా దగ్గరపడతాయి. స్విట్జర్లాండ్ ప్రొటెస్టంటు సంఘాల 1566 నాటి రెండవ హెల్వెటిక్ విశ్వాస ప్రకటన, దేవుని వాక్యాన్ని ప్రకటించడం దేవుని వాక్యమేనని చెబుతుంది. కతోలికుల రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధన మీద వెలువరించిన పత్రం, లేఖనాలు చదివినప్పుడు మాట్లాడేది క్రీస్తేనంటుంది. శాస్త్రి అయిన ఎజ్రా, ధర్మశాస్త్ర గ్రంథాన్ని విప్పగానే జనమంతా లేచి నిలబడ్డారు (నెహెమ్యా 8:5). లేఖన పఠనాన్ని ప్రసంగానికి ముందు గబగబా దాటేసే ప్రకటనల్లా చదివేసే సంఘాలంటే నాకు ఫిర్యాదు ఉంది.

## ప్రభువు బల్ల దగ్గర

రొట్టెలో, ద్రాక్షారసంలో క్రీస్తు నిజంగా ఉంటాడా, గుర్తు మాత్రమేనా?

సంఘాలు విడిపోయిన చోటు ఇది, అదీ ఐక్యత కోసం ఇచ్చిన బల్ల దగ్గర.

కతోలికుల నమ్మకం: రూపం, రుచి రొట్టెవే, సారం మాత్రం క్రీస్తు శరీరంగా మారుతుంది. 1215 నాటి నాలుగో లాటరన్ సభ ఈ మార్పుకు వాడిన పదాన్నే 1551లో ట్రెంటు సభ ఖాయపరచింది. ఆర్థొడాక్సులు మార్పును నమ్ముతారు కానీ ఎలా అన్నది విడమరచరు. ఆత్మను పంపమని చేసే ప్రార్థనకు అక్కడ పెద్ద స్థానం. లూథరు ప్రకారం రొట్టె రొట్టెగానే ఉంటుంది, క్రీస్తు శరీరమూ నిజంగా ఉంటుంది. స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ ప్రకారం ఇది జ్ఞాపకార్థం, విశ్వాసపు ఒప్పుకోలు. జెనీవా సంస్కర్త కాల్విన్ మధ్యలో నిలబడ్డాడు. క్రీస్తు శరీరం పరలోకంలోనే ఉంది, ఆత్మ మనల్ని ఆయనతో కలిపి నిజంగా పోషిస్తాడు, ఎలా అంటే వివరించడం కంటే అనుభవించడమే తనకు తెలుసన్నాడు.

1529లో మార్బర్గ్ కోటలో లూథరు, జ్వింగ్లీ ముఖాముఖి కూర్చున్నారు. లూథరు సుద్దముక్కతో బల్ల మీద 'ఇది నా శరీరము' అని లాటిన్‌లో రాసి పైన గుడ్డ కప్పాడు. వాదన ముదిరినప్పుడు గుడ్డ తీసి ఆ అక్షరాలు చూపించాడు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటికి సరేననుకున్నారు. పదిహేనోదానిలో కూడా చాలావరకు కలిశారు, శరీరం ఎలా ఉందన్న ఒక్కచోట ఆగిపోయారు.

ఏ పక్షమూ బల్ల దగ్గర క్రీస్తు లేడని అనలేదు. తగాదా అంతా ఎలా ఉన్నాడన్న దాని మీదే. 'గుర్తు మాత్రమే' అని తేలిగ్గా అనేసేవాళ్లు జ్వింగ్లీకి కూడా అన్యాయం చేస్తున్నారు.

అయోగ్యంగా తీసుకుంటే శిక్షకు గురవుతామట. భయమేసి బల్ల మానేస్తున్నాను, సరైనదేనా?

1 కొరింథీయులకు 11లో పౌలు మండిపడ్డది ఎందుకో 21వ వచనం చెబుతుంది. ఉన్నవాళ్లు ముందే వచ్చి తినేసి తాగి మత్తులో ఉన్నారు, లేనివాళ్లు వచ్చేసరికి ఆకలే మిగిలింది. పేదవాణ్ణి సిగ్గుపరచడమే ఆ అయోగ్యత. 'శరీరమని వివేచింపక' అన్న మాటలోని శరీరం రొట్టె గురించి అని కొందరు, పక్కన కూర్చున్న సంఘం గురించి అని కొందరు వ్యాఖ్యానిస్తారు. సందర్భం చూస్తే రెండోదాన్ని పక్కన పెట్టలేం.

తనను పరీక్షించుకుని తినమన్నాడు గానీ మానేయమనలేదు. పాపం గుర్తొచ్చి భయపడుతున్నవాళ్లు రావలసింది ఆ బల్ల దగ్గరికే. మీ సంఘంలో ముందుగా ఒప్పుకోలు నియమం ఉంటే పాటించి రండి.

## బయటకు వచ్చాక

సంఘంలో డబ్బున్నవాళ్లకు ముందు వరుస, పేదలకు వెనక. అలాంటిచోట దేవుడు ఉంటాడా?

యాకోబు పత్రిక 2వ అధ్యాయం ఇదే దృశ్యాన్ని కళ్లకు కట్టినట్టు రాసింది: బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి నా పాదపీఠం దగ్గర కూర్చో అన్న మాట. ఆమోసు నోట దేవుడు మీ పాటల ధ్వని నాకు వినిపించనియ్యకండి, న్యాయం నీళ్లలా పారనివ్వండి అంటాడు. యెహెజ్కేలు 10, 11 అధ్యాయాల్లో దేవుని మహిమ మందిరం గడప దాకా వచ్చి ఆగుతుంది, తర్వాత తూర్పు గుమ్మం దాకా, తర్వాత పట్టణం దాటి కొండ మీదికి. వెళ్లలేక వెళ్లినట్టు ఉంటుంది ఆ వర్ణన. లోపల ధూపం వేస్తూనే ఉన్నారు.

"నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను" అన్న వచనాన్ని అవిశ్వాసులకు చెబుతుంటాం. ప్రకటన 3వ అధ్యాయంలో ఆ మాట లవొదికయ సంఘానికి రాసింది. ఆరాధన లోపల, ఆయన బయట. అలాంటి సంఘాన్ని వదిలేయాలా అంటే నేను నిర్ణయించలేను. ముందుగా ఆ వెనక వరుసలోకి వెళ్లి కూర్చోండి.

ఆదివారపు సన్నిధి సోమవారానికి పోతోంది. నిలుపుకోవడం ఎలా?

సన్నిధి పోలేదు, కూడిక ముగిసింది. పదిహేడో శతాబ్దంలో పారిస్ మఠంలో వంటపని చేసిన సహోదరుడు లారెన్స్, గిన్నెల చప్పుడు మధ్యలో కూడా సత్ప్రసాదం ముందు మోకరించినంత నెమ్మదిగా దేవునితో ఉండగలనన్నాడు. అది ఆయనకు ఏళ్ల సాధన మీద వచ్చింది. వారం మధ్యలో సంఘంలో ఒకరికి ఫోను చేసి ఎలా ఉన్నారని అడగడంతో మొదలుపెట్టండి.

రద్దీకి ముందే బండి తీసుకోవాలని చివరి ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్లిపోతాను. తప్పా?

తప్పని కాదు గానీ, అసలైనది వదిలేసి వెళ్తున్నారు. సంఖ్యాకాండము 6వ అధ్యాయంలో అహరోను ఇవ్వవలసిన ఆశీర్వాదం ఉంది: యెహోవా తన సన్నిధిని నీకు ప్రకాశింపజేయును గాక. మూలంలో ముఖం. అది ప్రార్థనకు ముగింపుగా పలికే మర్యాద మాట కాదు, ఆ ముఖం ఎవరి మీద వెలగాలో వాళ్ల మీద ఉంచే మాట.

1979లో యెరూషలేము బయట కెతెఫ్ హిన్నోము అనే చోట ఒక సమాధి గదిలో రెండు చిన్న వెండి రేకుల చుట్టలు దొరికాయి. క్రీ.పూ. ఏడో శతాబ్దం చివర, ఆరో శతాబ్దం మొదలుకు చెందినవి. పగిలిపోకుండా విప్పడానికే ఏళ్లు పట్టింది. లోపల సన్నగా గీసి ఉన్నది ఈ ఆశీర్వాదమే. ఇప్పటిదాకా దొరికిన బైబిలు మాటల్లో అంతకంటే పాతవి లేవు. మధ్యలో దారం దూర్చడానికి వీలుగా చుట్టారు. ఎవరో దాన్ని మెళ్లో వేసుకుని తిరిగారు.